బొచ్చుందిగా, దానికి చలేంటి?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ దగ్గర పెరట్లో కట్టేసిన కుక్క సంగతి ఎత్తితే రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "బొచ్చుందిగా, దానికి చలేంటి?". రెండోది, "మన కుక్క కాదుగా, మనకెందుకు?". రెండింటితోనూ నాకు పేచీయే.

ముందు బొచ్చు సంగతి. హస్కీ లాంటివాటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, నిజమే. కానీ ఇక్కడ కనపడే పిట్‌బుల్, బాక్సర్, చివావా పొట్టి బొచ్చువి. పిల్లలూ, ముసలివీ అయితే ఇంకా కష్టం. తడిస్తే హస్కీ బొచ్చు కూడా పెద్దగా కాపాడదు. టెక్సస్‌లో చలేముందిలే అనేవాళ్ళు 2021 ఫిబ్రవరి 16 గుర్తు చేసుకోండి. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో -2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు -19 సెల్సియస్. 1949 తర్వాత అంత చలి అదే. ఆ తుఫానులో రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది మనుషులు పోయారు. ఇక గొలుసుకి కట్టేసున్న కుక్క మాటేంటి?

అదే ఏడాది జూన్‌లో కుక్కల బిల్లుని గవర్నర్ అబ్బాట్ వీటో చేశాడు. జనం గోల పెట్టాక అక్టోబర్‌లో ఇంకో బిల్లు మీద సంతకం పెట్టాడు. 2022 జనవరి 18 నుంచి అది అమల్లో ఉంది. మనిషి దగ్గర లేనప్పుడు కుక్కని బయట గొలుసుతో కట్టెయ్యకూడదు. వేరే తాడుతో కట్టినా తాగే నీళ్ళుండాలి, నిలబడి, తిరిగి, పడుకోగలిగేంత గట్టి గూడుండాలి. పాత చట్టంలో యజమానికి 24 గంటల గడువిచ్చేవాళ్ళు. తుఫాను ఈ రాత్రికి, గడువు రేపటికి! అది తీసేశారు, సంతోషం. పెన్సిల్వేనియాలో 2017 చట్టం ఇంకా సూటిగా ఉంది: 32 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే అరగంటకి మించి కట్టెయ్యకూడదు.

చట్టం చెప్పేది కనీసం మాత్రమే. గడ్డ కట్టే చలిలో అసలు మందు లోపలికి తెచ్చుకోవడమే. పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చారనీ, పూజగది ఉందనీ కుక్కని పేషియోలోకి నెట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు. లాండ్రీ రూమ్‌లో ఎవరూ పూజ చెయ్యరు కదా :)

కుదరనే కుదరదంటే గూడు సరిగ్గా పెట్టండి. చిన్నదిగా ఉండాలి, దాని ఒంటి వేడితోనే వెచ్చబడాలి. నేలకి కొన్ని అంగుళాల ఎత్తులో, వాకిలి గాలికి ఎదురుగా లేకుండా, పట్టా వేలాడదీసి ఉంచాలి. లోపల దుప్పటి వద్దు, తడి పీల్చి గడ్డకడుతుంది. స్ట్రా వెయ్యండి, మన వరిగడ్డి లాంటిదే. హే వద్దు, అది పశువుల మేత, తేమ పీలుస్తుంది. నీళ్ళ గిన్నె ప్లాస్టిక్‌ది పెట్టండి, ఇనుముకి నాలుక అతుక్కుంటుంది. కారు కింద యాంటీఫ్రీజ్ కారితే వెంటనే తుడవండి. తియ్యగా ఉంటుందని నాకుతాయి, కొంచెమైనా ప్రాణం తీస్తుంది. పొద్దున్న కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టండి, వెచ్చదనానికి పిల్లులు దూరి పడుకుంటాయి.

ఇక రెండో మాట. "వీసా మీద ఉన్నాం, పక్కవాడితో గొడవెందుకు?" అంటారు. గొడవ పడమని ఎవరన్నారు? ఒక స్ట్రా మోపు కొని, "మా దగ్గర మిగిలింది, మీ కుక్కకి వాడుకుంటారా" అని అడగండి. వినకపోతే డాలస్‌లో 311కి ఫోన్ చేసి యానిమల్ సర్వీసెస్‌కి చెప్పండి. మీరే గోడ దూకి విప్పుకురావడం మాత్రం వద్దు, అది దొంగతనం కిందకొస్తుంది.

యజమాని ఎలాగూ దాన్ని బయట వదిలెయ్యాలని నిర్ణయించేసుకున్నాడు. అధికారులకి ప్రతి పెరడూ కనపడదు. ఆ రాత్రి దాని అరుపు వినపడేది మీ బెడ్‌రూమ్ కిటికీకే. "మనకెందుకు" అని మీరు కూడా అంటే, ఇంక దాని గురించి అడిగేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి?