నానో ప్రక్షాళన: కడిగిన నీరు ఎక్కడికి?

గోదావరి తూర్పు డెల్టా ముగిసి పెద్దాపురం మెట్ట మొదలయ్యే చోటు సామర్లకోట. మెట్ట తోటలలో డ్రిప్పర్లు మూసుకుపోవడానికి మట్టి ఒక్కటే కారణం కాదు. గొట్టం లోపల బాక్టీరియా స్రవించే జిగురుపొర, అనగా బయోఫిల్మ్, ఆ మట్టిని పట్టి ఉంచుతుంది. క్లోరిన్ ఆ పొర లోతుకు సులభంగా చేరదు. కనుకనే వెండి, జింక్ ఆక్సైడ్ నానో రేణువుల ద్రావణాలతో కడిగే పద్ధతిపై పరిశోధకుల దృష్టి పడింది. ప్రయోగశాల ఫలితాలు ఆశాజనకమే. కానీ లేటరల్ చివరి మూత విప్పి వదిలిన నీరు ఆ నేలలోకే ఇంకుతుంది. వెండి అయాన్లు మంచి చెడుల భేదం ఎరుగవు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్‌కూ అవి హానికరమే. నీరు నిలిచిన వరి మాగాణిలో వెండి చాలావరకు సల్ఫైడుగా మారి విషతీవ్రత తగ్గుతుంది. గాలి ఆడే మెట్ట నేలకు ఆ రక్షణ తక్కువ. డ్రిప్పర్ల ప్రవాహాన్ని మాత్రమే కొలిచి, నేలలో నైట్రీకరణను కొలవని ప్రయోగంతో రైతుకు సిఫారసు చేయడం తొందరపాటు.