ఉచిత బియ్యం, కొనవలసిన పప్పు: అండమాన్‌లో మధుమేహ పథ్యం

పోర్ట్‌బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం) శివారులోని బతు బస్తీ వంటి పేటల్లో, పెద్ద వయసులో వచ్చే మధుమేహాన్ని అదుపులో ఉంచడం కేవలం మందుల చీటీతో తీరే వ్యవహారం కాదు. అది ఓడరేవుతోనూ, చౌకధరల దుకాణంతోనూ ముడిపడి ఉన్నది.

ద్వీపాలకు కావలసిన తిండిగింజలు, పప్పుదినుసులు చాలావరకు ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో చేరవలసిందే. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు లభిస్తాయి. 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. పప్పుకు మాత్రం ఆ చట్టంలో హామీ లేదు. ఆకలి తీర్చిన ఏర్పాటును తప్పుపట్టలేము. అయితే ఉచితంగా వచ్చినదే కంచంలో కుప్పగా పడుతుంది, కొనవలసినది గరిటెడుకు పరిమితమవుతుంది.

దంపుడులో పోని తవుడు మర పాలిషుతో పోతుంది, దానితోపాటే పీచూ పోతుంది. మిగిలిన పిండిపదార్థం త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరం ఆ తాకిడిని తట్టుకోలేదు. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. భారతీయుల ఆహారశక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నదని అదే అధ్యయనం 2025లో తెలిపింది. కాగా, ధాన్యాల వాటా 45 శాతం మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

ఇక్కడే ఒక అపోహను ప్రస్తావించాలి. రాత్రి అన్నం మాని నాలుగు చపాతీలు తిని పథ్యం చేశామనుకునే వారు మనలో కోకొల్లలు. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమలో, చిరుధాన్యాలో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గుతున్న దాఖలా లేదని 2025 విశ్లేషణ చెబుతున్నది. చిరుధాన్యాల ప్రచారం హోరెత్తిన ఈ రోజుల్లో ఇది గమనార్హం. ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన కుటుంబాల పెద్దలకు చోడి అంబలి కొత్త కాదు. దానినైనా కొలత మీరి తాగితే ఫలితం ఉండదు.

ద్వీపవాసికి కలిసివచ్చే అంశం చుట్టూ ఉన్న సముద్రమే. చేపలో పిండిపదార్థం దాదాపు లేదు, మాంసకృత్తులు పుష్కలం. వేపుడు కాకుండా పులుసుగా వండి, అన్నం సగానికి తగ్గించి, ఆకుకూర జోడిస్తే భోజనానంతర చక్కెరలో తేడా కనిపిస్తుంది. అయితే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడగకుండా ఒక్కసారిగా తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఇక పప్పు సంగతి ఇంటి యజమానురాలి చేతిలో లేదు. ఉచిత బియ్యానికి నిధులు సమకూరుస్తున్న కేంద్రం, ద్వీపాల వరకైనా నెలకు ఒక కిలో కందిపప్పును అదే కార్డుపై చేర్చడం అసాధ్యమేమీ కాదు.