“మంచిగనే చూస్తున్నరు” అంటే సరిపోతదా?

సర్కారు దవాఖానలో సిస్టర్లు ఎట్ల చూస్తున్నరని మీ తండాలో ఏ యాడినైనా అడగండి. “మంచిగనే చూస్తున్నరు బిడ్డా” అంటది. సర్వే కాగితం మీద అది “సంతృప్తి” అయిపోతుంది. కానీ ఆ మాటలో ఏముంది? తిట్టలేదు, కాబట్టి మంచిగనే. సూదేసి పంపిన్రు, కాబట్టి మంచిగనే. రేపు మళ్లీ ఆ సిస్టర్ దగ్గరికే పోవాలె, కాబట్టి మంచిగనే. భయాన్ని, అలవాటైన చిన్నచూపును కూడా మనవాళ్లు ఇదే మాటతో కప్పేస్తారు.

చేవెళ్ల, మొయినాబాద్ హైదరాబాద్ పక్కనే ఉన్నా, ఇక్కడి తండాల్లో గర్భిణుల చెకప్‌కైనా, బీపీ, షుగర్ గోలీలకైనా మొదట ఎదురయ్యేది ఏఎన్ఎం అక్క, పీహెచ్‌సీ సిస్టరే. కేంద్ర ప్రమాణాల ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ. గిరిజన, కొండ ప్రాంతాల్లోనైతే 3,000కు, 20,000కు ఒకటి. ఈ రెండు మండలాలు షెడ్యూల్డ్ ఏరియా కాదు. అందుకే మన తండాలు మైదానం లెక్కలోకే పోతాయి. ఆ భారం ఒక్క సిస్టర్ మీద పడితే చివరికి రోగికి దక్కేది కసురే.

కసురుకోవడం తప్పే, అందులో అనుమానం లేదు. కానీ దాన్ని ఒక మనిషి గుణమని వదిలేస్తే, పోస్టు నింపని సర్కారు హాయిగా తప్పించుకుంటుంది.

కాబట్టి “బాగుందా?” అని అడగకండి. పేరు పెట్టి పిలిచారా? గోలీ ఎందుకో, ఎప్పుడు వేసుకోవాలో చెప్పారా? తెర చాటున పరీక్ష చేశారా? గోర్ బోలీ తప్ప రానివాళ్లకు ఎవరు అర్థమయ్యేలా చెప్పారు? ఆ రోజు డ్యూటీలో ఎంతమంది సిస్టర్లు ఉన్నారు? ఇవి అడిగి, పేర్లు లేకుండా రాసిపెట్టండి.

ఇవి మనం బతిమాలి అడుక్కునేవి కావు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. సమాచారం, మర్యాద, గోప్యత, వివక్ష లేని వైద్యం, ఫిర్యాదు చేసుకునే హక్కు వాటిలోవే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. వచ్చే గ్రామసభలో ఈ కాగితం చదవండి. ఏఎన్ఎం అక్కను కూడా పిలవండి, ఆమె కష్టమూ వినండి. రెండు వైపుల మాటా కలిపి తీర్మానం చేస్తే, దానికి జవాబు చెప్పాల్సింది పైవాళ్లే.