గది మూలన పడుకున్న కుక్క



మా తర్లుపాడు వాళ్లకు కుక్క కొత్త జానవర్ ఏం కాదు. గొర్రెల మంద వెనక నడిచే కుక్క, చేను కాపలా కుక్క, టీ కొట్టు ముందర పడుకుని ఎవరొచ్చినా కదలని కుక్క, అన్నీ మాకు తెలిసినవే. ఇంట్లోకి మాత్రం రానివ్వం. గడప మీద కాలు పెడితే చాలు, అమ్మీజాన్ చీపురు అందుకునేది. నేను ఆ ఇంట్లో పెరిగినవాణ్ణే. అందుకే ఇవాళ రాస్తున్న మాటలు నాకూ తేలికగా రాలేదు. మీకు నచ్చకపోయినా చివరిదాకా చదవండి.

మా చెల్లెలి కూతురు ఇంటర్ చదువుతోంది. పనికని బయటి ఊరు వెళ్లిన వాళ్ల అబ్బా మయ్యత్ అయి తిరిగొచ్చారు. జనాజా లేచిన రోజు పిల్ల ఏడవలేదు. చాలీస్వాఁ అయ్యేసరికి మాట్లాడటమే మానేసింది. కంచం ముందు పెడితే చూస్తూ కూర్చునేది. నజర్ తగిలిందని ఒకరు, సాయా పడిందని ఒకరు. దమ్ చేయించాం, తావీజ్ కట్టించాం, దర్గాకు తీసుకెళ్లాం. రెండు నెలలు గడిచాయి. డాక్టరుకు చూపిద్దామని నేనంటే మా చెల్లెలు ఒకటే మాట అడిగింది. "భాయ్‌జాన్, పిచ్చని పేరు పడితే రేపు దీనికి రిష్తా ఎవరు తెస్తారు?"

ఎలాగో ఒప్పించి హైదరాబాద్‌లో ఒక కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లాను. తలుపు తీయగానే గది మూలన పచ్చటి లాబ్రడార్ కుక్క పడుకుని ఉంది. మా చెల్లెలు పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "కుక్క ఉన్న చోటికి ఫరిష్తాలు రారు. ఇక్కడ నా బిడ్డకు షిఫా ఎలా వస్తుంది?" అంది. ఆ కౌన్సిలరమ్మ గబగబా లేచి కుక్కను పక్క గదిలో కట్టేసి వచ్చింది. ముందే ఫోన్లో చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అంది. ఆ రోజు గంటసేపు కూర్చున్నా పిల్ల నోరు తెరవలేదు. లేచి వచ్చేటప్పుడు మూసి ఉన్న ఆ పక్క గది తలుపు వైపు చూసి, "దానికి అన్నం పెట్టారా?" అని అడిగింది.

రెండు నెలల తర్వాత మేం విన్న మొదటి మాట అది. వాళ్ల అబ్బా చేను దగ్గర కుక్కకు రోజూ రొట్టె ముక్క వేసేవారు. అది మాకు అప్పుడు గుర్తొచ్చింది.

కుక్క మా పిల్లను బాగు చేసిందని నేను అనను. తర్వాత ఎన్నో నెలలు కౌన్సిలింగ్ నడిచింది, కొన్నాళ్లు మందులూ వాడాం. ఇప్పటికీ కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు. కానీ మూసుకుపోయిన తలుపుకు మొదటి సందు ఇచ్చింది మాత్రం ఆ బేజుబాన్ జానవరే. అది ప్రశ్నలు వేయదు. "సబర్ చెయ్యి బేటీ" అని నసీహత్ చెప్పదు. రిష్తా గురించి అడగదు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు ఒకరోజు టైముకు ముందే వచ్చేసరికి ఆయన కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. పిల్లవాడు దానితో ఆట మొదలుపెట్టాడు, తర్వాత డాక్టరుతో కలిశాడు. లెవిన్సన్ ఈ అనుభవాన్ని 1961లో తోటి మనస్తత్వ నిపుణుల సభలో చెప్పాడు, 1962లో వ్యాసంగా రాశాడు. ఇప్పుడు ఆసుపత్రుల్లో, స్కూళ్లలో శిక్షణ పొందిన కుక్కల్ని ఇలా వాడుతున్నారు. 2025లో మన శంషాబాద్ విమానాశ్రయంలో కూడా ప్రయాణికుల కంగారు తగ్గించడానికి థెరపీ కుక్కల్ని తెచ్చారు.

మరి దీన్ ఏం చెబుతుంది? నేను ఆలిమ్‌ను కాను. చదివి, అడిగి తెలుసుకున్నది చెబుతాను, మీరు మీ ఇమామ్ సాబ్‌ని అడగండి. ఫరిష్తాల గురించి మా చెల్లెలు చెప్పిన హదీస్ ఉంది, దాన్ని నేను కాదనను. శౌక్ కోసం కుక్కను పెంచితే సవాబ్ తగ్గుతుందన్న హదీసూ ఉంది. అందులోనే వేటకు, మందకు, చేనుకు కాపలా ఉండే కుక్కకు మినహాయింపు ఉంది. అంటే పని చేసే కుక్క వేరు, శౌక్ కుక్క వేరు. బాధలో ఉన్న బిడ్డకు తోడు కూర్చోవడం కూడా పనేనా అన్నది ఉలమాను అడగాల్సిన సవాల్. పైగా ఆ కుక్క మన ఇంట్లో ఉండదు. గంటసేపు ఎదురవుతుంది, అంతే. తహారత్ సంగతికొస్తే మనలో ఎక్కువమంది హనఫీలం. మన మస్లక్‌లో కుక్క లాలాజలం నాపాక్. పొడి వెంట్రుకలు బట్టలకు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావని ఫత్వా. షాఫయీలు ఇంకా గట్టిగా చెబుతారు, మాలికీలు బతికున్న కుక్కను పాక్ అనే అంటారు. అంటే తడి తగిలితే కడుక్కోవాలి, బట్టలు మార్చుకుని నమాజ్‌కు నిలబడాలి. కడుక్కుంటే పోయే దానికి భయపడి ఇలాజ్ మానుకోవాలా?

జుమ్మా రోజున సూరె కహఫ్ చదివే ఇళ్లు మనవి. అస్‌హాబె కహఫ్ నిద్రపోతుంటే గుహ గుమ్మంలో ముందు కాళ్లు చాపుకుని కూర్చున్న కుక్క ప్రస్తావన అందులో ఉంది. దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలోంచి మోజాతో నీళ్లు తోడి తాగించిన మనిషికి మగ్‌ఫిరత్ దొరికిందన్న హదీస్ మన పిల్లలకు మక్తబ్‌లోనే చెబుతాం. నాపాక్ అన్న మాటకూ నఫ్రత్ అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది.

కౌన్సిలర్లకూ ఒక మాట. మీ గదిలో కుక్క ఉంటే అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పండి. మా మజ్‌హబ్ సంగతి పక్కన పెట్టినా, పల్లెల్లో వీధి కుక్క కరిచి సూదులు వేయించుకున్న పిల్లలు ఎందరో. వాళ్లకు ఆ గది భరోసా ఇవ్వదు, వణుకు పుట్టిస్తుంది. వద్దన్నవాళ్లకు కుక్క లేని గది ఉండాలి, వద్దన్నందుకు చిన్నచూపు ఉండకూడదు. కుక్కకు టీకాలు, శిక్షణ తప్పనిసరి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు పెట్టండి. అది అలసిపోతే దాన్నీ పడుకోనివ్వండి, అదీ జానే కదా.

ఇక మనవాళ్లకు. ఆ రోజు ఇంటికొచ్చాక మా చెల్లెలే ఒప్పుకుంది. కుక్కను చూసి వెనక్కి తిరిగినప్పుడు లోపల కొంచెం హాయిగా అనిపించిందట. తిరిగి వెళ్లిపోవడానికి ఒక బహానా దొరికింది కదా అని. ఆమె అసలు భయం కుక్క కాదు, బద్‌నామీ. కాలు విరిగితే మార్కాపురం పరుగెత్తుతాం. దిల్ విరిగితే తలుపులు మూసుకుంటాం. దువా చేయించండి, తప్పకుండా చేయించండి. దానితో పాటు ఇలాజ్ కూడా చేయించండి. రెండింటికీ గొడవ లేదు.

మా తర్లుపాడుకు థెరపీ కుక్క ఎప్పుడొస్తుందో తెలియదు. దానికన్నా ముందు, దగ్గరలో పిల్లల మాట వినే ఒక కౌన్సిలర్ రావాలి. అప్పటిదాకా టెలి మానస్ ఉంది. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ ఇంట్లో పిల్లలకు కనిపించేలా రాసి పెట్టండి.

మొన్న సెలవులకు పిల్ల ఊరికొచ్చింది. సాయంత్రం అస్ర్ తర్వాత గడప అవతల నిలబడి వీధి కుక్కకు రొట్టె వేసింది. అమ్మీజాన్ చూసింది. చీపురు ఎత్తలేదు. "చేతులు కడుక్కో బేటీ, మగ్రిబ్ టైం అవుతోంది" అంది, అంతే.

అల్లాహ్ మన బిడ్డలందరి దిళ్లకు షిఫా ఇవ్వాలి. ఆమీన్.