పదిమందిలో ఆమె లేదా?

యూదుల ప్రార్థనా మందిరాన్ని సినగాగ్ అంటారు. ముంబయిలో ఉన్నా, న్యూయార్క్‌లో ఉన్నా చాలా సినగాగ్‌ల నుంచి సభ్యుల ఇళ్లకు వారం వారం ఓ కబురు వెళ్తుంది. ఒకప్పుడు గోడమీద కాగితం, తర్వాత పోస్టులో కరపత్రం, ఇప్పుడు ఫోన్లో మెసేజీ. ఈ శుక్రవారం దీపాలు ఎన్ని గంటలకు వెలిగించాలి, శనివారం ప్రార్థన తర్వాత ఫలహారం ఎవరి తరఫున, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి తండ్రి సంవత్సరీకం, ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, పండక్కి పిల్లల నాటకం రిహార్సల్ ఎప్పుడు... ఇవే సంగతులు. మనం చూస్తే ‘అచ్చం మా కాలనీ గుడి నోటీసు బోర్డులాగే ఉందే’ అనుకుంటాం.

ఆ కబురును పైనుంచి కిందిదాకా ఓసారి శ్రద్ధగా చదవండి. అందులోని పనులు చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగా జరిగేవే. మరి ప్రార్థనకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టేటప్పుడు ఆ చేతులు లెక్కలోకి వస్తాయా? సంప్రదాయ సినగాగ్‌లలో రావు. నేను మాట్లాడదల్చుకున్నది ఈ లెక్క గురించే.

పదిమంది లెక్క

యూదుల్లో కొన్ని ముఖ్యమైన ప్రార్థనలు ఒంటరిగా చేయడానికి వీల్లేదు. కనీసం పదిమంది ఉండాలి. దీన్ని ‘మిన్యాన్’ అంటారు. వాళ్ల పవిత్ర గ్రంథం తోరాను సభలో చదవాలన్నా, చనిపోయిన వారి పేరున ‘కద్దీష్’ అనే ప్రార్థన చెప్పాలన్నా ఈ పదిమంది కావాల్సిందే. మనుషులు కష్టసుఖాల్లో నలుగురితో కలిసి ఉండాలన్న ఆలోచన ఇందులో ఉంది. మంచిదే.

చిక్కల్లా ఆ పదిమంది ఎవరన్న దగ్గరే. సంప్రదాయం ప్రకారం మగవాళ్లే. తొమ్మిదిమంది మగవాళ్లు, పాతికమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నా ఇంకొకడి కోసం వాకిలి వైపు చూడాల్సిందే. పదమూడేళ్లు నిండిన కుర్రాడు వస్తే లెక్క సరిపోతుంది. వాణ్ని కని, పెంచి, ఆ ప్రార్థన నోటికి నేర్పిన తల్లి అక్కడే ఉన్నా సరిపోదు. మన తెలుగులో ‘పదిమందిలో’ అంటే లోకంలో అని అర్థం. ఆ లోకంలో ఆమె లేదా?

పనుల్లో మాత్రం ఆమే

ఆ కబురులో మొట్టమొదటి వాక్యం దీపాల వేళ. యూదుల విశ్రాంతి దినం సబ్బాతు శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించడం చాలాచోట్ల ఆచారం. వెలిగించేది ఇల్లాలు. సబ్బాతు నాడు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి మర్నాటి వంట కూడా ఆ వేళకే ముగించాలి. వారమంతటికీ పెద్ద పండగ శనివారం. దాని బరువంతా శుక్రవారం మధ్యాహ్నం వంటింటి మీద పడుతుంది.

మన దేశపు యూదుల్లో సంఖ్యలో పెద్దవాళ్లు మహారాష్ట్రలోని బెనె ఇజ్రాయెల్ వాళ్లు. కొంకణ పల్లెల్లో వీళ్లు గానుగ ఆడేవారు. శనివారం గానుగ కట్టరు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు ‘శనివార్ తేలీ’ అని పిలిచేవారు. అంటే శనివారపు తెలికలు అన్నమాట. శుభకార్యం వచ్చినా, మొక్కు తీరినా వీళ్లు ఏలీయా ప్రవక్త పేరున ‘మలీదా’ చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరి తురుము, చక్కెర, యాలకులు కలిపి, పళ్లు చుట్టూ పేర్చి పళ్లెం సిద్ధం చేస్తారు. మన అటుకుల ప్రసాదానికి దగ్గరి చుట్టమే. ఆ కొబ్బరి తురిమే చేతులు ఎవరివో నేను వేరే చెప్పాలా?

చావు వేళా అంతే. పోయిన మనిషి ఆడమనిషైతే శవానికి స్నానం చేయించి తెల్లబట్ట తొడిగేది ఆడవాళ్లే. దీనికి ప్రతి సముదాయంలో ఒక బృందం ఉంటుంది. జీతం ఉండదు, పేరు బయటికి చెప్పుకోరు.

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. తోరా చదవడానికి మగవాణ్ని గౌరవంగా పిలిచేటప్పుడు ‘ఫలానా తండ్రి కొడుకు’ అని పిలవడం సంప్రదాయం. అదే మనిషి జబ్బుపడి, అతని కోసం సభలో ప్రార్థన చేసేటప్పుడు మాత్రం ‘ఫలానా తల్లి కొడుకు’ అంటారు. గౌరవానికి నాన్న పేరు, గండానికి అమ్మ పేరు! కష్టం వచ్చినప్పుడు దేవుడికి ఎవరి పేరు చెబితే చప్పున వింటాడో వాళ్లకూ తెలుసన్నమాట.

కొడుకులు లేని ఇల్లు

తల్లిగానీ తండ్రిగానీ పోతే పదకొండు నెలలపాటు సినగాగ్‌లో కద్దీష్ చెప్పడం యూదుల్లో కొడుకు ధర్మం. కొడుకులు లేకపోతే? ఎవరో ఒక మగవాడు ఆ పని నెత్తిన వేసుకుంటాడు. తలకొరివి పెట్టడానికి కొడుకు లేడని కుమిలిపోయే ఇళ్లు మనకూ తెలుసు. అందుకే హెన్రియెట్టా జోల్డ్ కథ మనవాళ్లు తెలుసుకోవాలి.

ఆమె అమెరికాలో ఒక రబ్బీ కూతురు. రబ్బీ అంటే యూదు మతగురువు. ఆ ఇంట్లో పుట్టినవాళ్లంతా ఆడపిల్లలే, ఎనిమిదిమంది. 1916లో తల్లి పోయింది. ఓ మిత్రుడు ‘మీ అమ్మగారికి కద్దీష్ నేను చెబుతాను’ అని ముందుకొచ్చాడు. ఆమె కృతజ్ఞత చెబుతూనే ఒప్పుకోలేదు. ఇంటి చాకిరీ వల్ల ఆడవాళ్లకు కొన్ని విధుల నుంచి వెసులుబాటు ఇచ్చారే తప్ప, చేయగలిగిన స్త్రీ చేస్తే చెల్లదని ఎవరూ అనలేదన్నది ఆమె వాదన. కొడుకు లేడని తన తల్లిదండ్రులు ఏనాడూ బాధపడలేదనీ, తండ్రి పోయినప్పుడు కూడా కూతుళ్ల స్థానంలో పైవాళ్లు కద్దీష్ చెప్పడానికి తల్లి ఒప్పుకోలేదనీ గుర్తుచేసింది. తన కద్దీష్ తానే చెప్పుకుంటానంది.

ఈమే 1912లో న్యూయార్క్‌లోని టెంపుల్ ఇమాన్యుయెల్ అనే సినగాగ్‌లో కొందరు ఆడవాళ్లను కూడగట్టి ‘హదస్సా’ అనే సంఘం పెట్టింది. ఆనాటి నోటీసులో చూస్తే అదీ ఓ మామూలు మహిళల సమావేశమే. మరుసటేడాదే ఆ సంఘం ఇద్దరు నర్సులను జెరూసలేం పంపింది. తల్లులకూ పసిపిల్లలకూ వైద్యం, కంటిజబ్బుల నివారణతో మొదలైన ఆ పని పెద్ద పెద్ద ఆస్పత్రులుగా పెరిగింది. ‘లేడీస్ మీటింగే కదా’ అని నోటీసులో ఆ ఒక్క వాక్యం దాటేసే మగమహారాజులు దీన్ని గమనించాలి.

కొచ్చి చెప్పే పాఠం

కేరళలో మట్టాంచేరి పరదేశీ సినగాగ్‌ను చాలామంది చూసే ఉంటారు. 1568లో కట్టింది. నేలంతా చైనా నుంచి తెచ్చిన తెల్ల, నీలి పలకలు. కొచ్చి సినగాగ్‌లలో ఓ ప్రత్యేకత ఉంది. తోరా చదివే వేదిక కింద ఒకటి ఉంటే, పై అంతస్తులో ఆడవాళ్లు కూర్చునే చోటుకు ఆనుకుని రెండోది ఉంటుంది. చదివేది మగవాళ్లే అయినా చదువు వాళ్ల చెంతకు వచ్చేది. చాలా సంప్రదాయ సముదాయాల్లో మగవాళ్ల ముందు ఆడవాళ్లు పాడకూడదంటారు. కొచ్చిలో ఆ పట్టింపు లేదు. అక్కడి స్త్రీలు మలయాళంలో కట్టిన పాటలు నోటుపుస్తకాల్లో రాసుకుని, తల్లి నుంచి కూతురికి అప్పగిస్తూ పెళ్లిళ్లలో, పండగల్లో పాడారు. 1950ల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయినప్పుడు ఆ పుస్తకాలూ వెంట వెళ్లాయి. ఆ పాటలు 2004లో జెరూసలేంలో రికార్డుగా కూడా వచ్చాయి.

ఇంత ఉదారంగా కనిపించిన చోటే ఇంకో గీత గీశారు. దాసీల సంతతి అని ముద్రవేసిన కుటుంబాలను తరతరాలుగా బెంచీల మీద కూర్చోనిచ్చేవారు కాదు, తోరా చదవనిచ్చేవారు కాదు. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన లాయరు ఎ.బి. సేలం, గాంధీగారి బాటలో సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేసి ఆ అడ్డుగోడ కదిలించాడు. అలాంటి కుటుంబంలోనే పుట్టిన రూబీ డేనియల్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళ మహిళా విభాగంలో పనిచేసింది. ఇజ్రాయెల్ వెళ్లాక, పెద్దవయసులో, 1995లో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. ఆ ఆడవాళ్ల పాటలను ఇంగ్లీషులోకి అనువదించింది.

తర్వాత ఏమైంది? మనుషులు తగ్గిపోయారు. పదిమంది మగవాళ్లు దొరక్క, పక్క ఊరివాళ్ల కోసం, చూడవచ్చిన యాత్రికుల కోసం ఎదురుచూసే రోజులు వచ్చాయి. ఆ చివరి కాలంలో సినగాగ్ నిర్వహణ బాధ్యత క్వీనీ హలెగ్వా అనే స్త్రీ చేతికి వచ్చింది. ఆమె 2024 ఆగస్టులో పోయింది. ఇక ఆ పరదేశీ యూదుల్లో మిగిలింది ఒక్కరేనని పత్రికలు రాశాయి. తాళంచెవులు ఆమెకు అందేసరికి తలుపు తీసుకుని వచ్చేవాళ్లే లేకుండా పోయారు. వలసలే దీనికి అసలు కారణమని నాకు తెలుసు. ఆడవాళ్లను లెక్కించనంత మాత్రాన ఊరు ఖాళీ అయిందని అనను. కానీ మనిషి దొరకడమే గగనమైపోయిన రోజున కూడా ఎదురుగా ఉన్న మనిషి లెక్కలోకి రాకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

లెక్క మారింది

ఇది మారనిదేం కాదు. 1972లో అమెరికాలో కొందరు యువతులు కన్సర్వేటివ్ శాఖ రబ్బీల మహాసభకు వెళ్లి తమ కోరికల పత్రం అందించారు. పేరు చూసి ఛాందసులనుకోకండి, వాళ్లది మధ్యేమార్గం. ఆ యువతుల బృందం పేరు ‘ఎజ్రత్ నషీం’. హీబ్రూలో దానికి సినగాగ్‌లో ఆడవాళ్లు కూర్చునే చోటు అని అర్థం. స్త్రీలకు సాయం అని కూడా. మూల కూర్చోబెట్టిన చోటు పేరే జెండాగా పట్టుకున్నారు! ఏడాది తిరిగేసరికి, 1973లో, పదిమందిలో స్త్రీలనూ లెక్కించవచ్చని ఆ శాఖ ధర్మనిర్ణయ సంఘం చెప్పింది. ఇంకో శాఖవారు 1972లోనే శాలీ ప్రీశాండ్ అనే యువతిని రబ్బీని చేశారు. నిజానికి అంతకన్నా ముందు 1935లోనే జర్మనీలో రెజీనా యోనాస్ రబ్బీ అయింది. నాజీలు ఆమెను 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. బెర్లిన్ గోడ కూలాక ఆమె కాగితాలు బయటపడేదాకా లోకం ఆమెను దాదాపుగా మరిచిపోయింది. లెక్కలోకి ఎక్కినా నిలవనివ్వరు మరి.

మన ఢిల్లీలోనే జూడా హయాం సినగాగ్ ఉంది. 1956లో కట్టిన చిన్న మందిరం, వచ్చేవి కొద్ది కుటుంబాలు. ఏళ్ల తరబడి దాని బాగోగులు చూసిన ఎజికీల్ ఐజాక్ మాలేకర్ అక్కడ పదిమందిలో ఆడవాళ్లనూ లెక్కిస్తామని చెబుతూ వచ్చారు. ఆకాశమేం విరిగిపడలేదు.

‘మాకు మా పాత్ర ఉంది, దీపం మాది, ఇల్లు మాది, ఆ పదిమందిలో ఉండాలన్న కోరిక మాకు లేదు’ అనే యూదు స్త్రీలూ ఎందరో ఉన్నారు. వాళ్ల భక్తిని శంకించే హక్కు నాకు లేదు. వద్దనుకునేవాళ్లు వద్దనుకోవచ్చు. కానీ వద్దనుకోవడం వేరు, వద్దని చెప్పించుకోవడం వేరు. కావాలన్న ఒక్క కూతురు వచ్చినా తలుపు తీయాలా వద్దా అన్నదే ప్రశ్న.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే పేరుతో తెలుగు మాట్లాడే యూదు సముదాయం ఉంది. పేద దళిత కుటుంబాలు. శనివారం సబ్బాతు పాటిస్తూ, సొంతంగా ఓ సినగాగ్ కట్టుకుని, తమనూ యూదులుగా గుర్తించమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. లెక్కలోకి రాకపోవడం అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక లెక్క కోసం పోరాడేవాళ్లు తమ ఇంటి ఆడవాళ్ల లెక్క కూడా చూసుకోవాలని కోరడం తప్పు కాదు.

ఇదంతా యూదుల గొడవ, మనకెందుకంటారా? మీ గుడి నోటీసో, చర్చి కరపత్రమో, అపార్ట్‌మెంట్ సంఘం కాగితమో ఈసారి వచ్చినప్పుడు చూడండి. వంట, ముగ్గులు, పిల్లల కార్యక్రమం ఎవరి పేరున ఉన్నాయి? అడుగున సంతకాలు ఎవరివి? కూరలు తరిగేవాళ్ల పేర్లు ఒకవైపు, తీర్మానాలు చేసేవాళ్ల పేర్లు ఇంకోవైపు ఉంటే, వచ్చే మీటింగులో లేచి అడగండి. ‘చేతులు మావి కావాలి గానీ చెయ్యెత్తే హక్కు మాకెందుకు లేదండీ?’ అని. ఒక్కరే లేస్తే నవ్వుతారు. అందుకే పక్కింటి వదినగారినీ, ఎదురింటి అత్తయ్యగారినీ వెంటబెట్టుకుని వెళ్లండి. పదిమంది అయ్యారో లేదో ముందే లెక్క చూసుకోండి!