మా పిల్లలకు హింస అలవాటు కాలేదు

రామంతాపూర్‌లో మా చెల్లెలి ఇంట్లో దిగి, పొద్దున్నే బస్సెక్కి తార్నాక చేరాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో సదస్సు. "హింస మధ్య పెరిగిన పిల్లలకు హింస మామూలైపోతుంది, సులువుగా నేరం వైపు మళ్ళుతారు" అన్నారు వేదిక మీది పెద్దాయన. హాలంతా తలూపింది. నేను ఊపలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆశ్రమ పాఠశాలలో చెబుతున్నవాణ్ణి.

సారూ, మామూలైపోతే మా తొమ్మిదో తరగతి పిల్లోడు జీపు చప్పుడు వినగానే రాస్తున్న నోటుపుస్తకం మూసి కిటికీ దగ్గరికి ఎందుకు ఉరుకుతాడు?

2022 నవంబరులో మా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజరును నరికి చంపారు. ఘోరం. అందులో నాకు రెండో మాట లేదు. అరెస్టయింది ఇద్దరు. బెండాలపాడు పంచాయతీ మాత్రం గూడెంలోని గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు వెళ్ళగొట్టాలని తీర్మానం చేసింది, చంకలో బిడ్డలతో సహా. ఆ వారం మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "సార్, టౌనులో ఎవరన్నా హత్య చేస్తే వాళ్ళ వీధి మొత్తం ఖాళీ చేయిస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. లెక్కల పాఠం మొదలుపెట్టాను. సిగ్గుతోనే రాస్తున్నాను. ఇంత సూటిగా తూకం వేసే పిల్లకు హింస అలవాటైపోయిందంటారా?

అసలు ఆ గుత్తికోయలు ఇక్కడికి ఎందుకొచ్చారు? 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడి, మా అడవుల్లోకి పారిపోయి వచ్చిన కుటుంబాలెన్నో. అక్కడ ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్ళకు నెలకు 3,000 రూపాయలిచ్చి, స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరుపెట్టి తుపాకులిచ్చింది ప్రభుత్వమే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. తీర్పు చెప్పిన ఇద్దరిలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఈ ఉస్మానియాలోనే లా చదివారు. సదస్సులో ఆ తీర్పు మాట ఒక్కరూ ఎత్తలేదు. ఛత్తీస్‌గఢ్ సర్కారైతే ఆ ఏడాదే కొత్త చట్టం తెచ్చి ఆ కుర్రాళ్ళనే మళ్ళీ బలగాల్లో చేర్చుకుంది. ఇదంతా చూస్తున్న పిల్లలకు నేరమంటే ఏమిటో మీరే చెప్పండి.

నేనూ తక్కువ తినలేదు. కొట్లాడిన పిల్లోణ్ణి ఒకసారి "నక్సలైటువారా?" అని నలుగురిలో తిట్టాను. వాడు హాస్టల్ వదిలి ఇంటికి పోయాడు. వాళ్ళ నాయన వచ్చి, "సారూ, ఆ మాట బయటికి పోతే మా ఇంటికి ఎవరొస్తరో మీకు తెల్వదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. కొడుకును మళ్ళీ బడికి తేవడానికి రెండు నెలలు తిరిగాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక ఫారం పంచారు. "మీ విద్యార్థుల్లో నేరప్రవృత్తి ఉందా? అవును, కాదు." దేనికీ టిక్కు పెట్టలేదు. వెనక వైపు ఆ అమ్మాయి ప్రశ్న రాసి, జవాబు మా బడి అడ్రసుకు పంపమన్నాను.