చాందీ సిక్కా, పది రూపాయల సిక్కా

రిజర్వు బ్యాంకు తొంభయ్యో ఏట అడుగుపెట్టిన సందర్భంగా 2024 ఏప్రిల్ 1న ముంబయిలో ప్రధాని ఒక యాద్‌గార్ సిక్కా విడుదల చేశారు. 99.99 శాతం చాందీ, 40 గ్రాముల బరువు, ముఖవిలువ 90 రూపాయలు. ముబారక్! 1935 నుంచి నడుస్తున్న ఇదారాకి ఆ మాత్రం ఇజ్జత్ దక్కాల్సిందే.

కానీ ఆ సిక్కా ఎవరి చేతికీ చిల్లరగా రాదు. డబ్బీలో దాచుకునేది. అందులోని చాందీయే వేల రూపాయలు చేస్తుంది కనుక దానికి ఎవరి జమానతూ అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు అసలు కమాల్ వేరే ఉంది. ఒక కాగజ్ ముక్కని ఐదొందలంటే, ముక్కూమొహం తెలియనివాడు కూడా తీసుకుని సరుకిస్తున్నాడు. దీన్నే ఐతబార్ అంటాం.

ఆ ఐతబార్ పది రూపాయల సిక్కా దగ్గర దెబ్బతింది. హైదరాబాద్‌లోనే కాదు, జిల్లాల్లోనూ కిరాణా కొట్లో, ఆటోలో అదే జవాబ్: "నై చల్తా భాయ్!" కారణం ఒక అఫ్వా. రూపాయి గుర్తు లేనిది నక్లీ అట, గీతలు పదికి బదులు పదిహేనుంటే నక్లీ అట. ఆ గుర్తు 2011 నుంచి వేస్తున్నారు, అంతకుముందు సిక్కాల మీద ఎలా ఉంటుంది? 14 డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు సాఫ్‌గా చెప్పింది. అయినా షక్ పోలేదు. నష్టం ఎవరికి? ఆ సిక్కాలు తీసుకుని, తిరిగి చలామణీ చేయలేని తోపుడుబండి గరీబుకి.

నోటు వెనక 15 భాషల వరుస చూడండి. చివరి రెండూ తెలుగు, ఉర్దూ. నేను డిగ్రీ చేసిన భాష, దాని కిందే నేను బడిలో చదివిన జుబాన్. అఫ్వా తిరిగింది ఈ రెండింటిలోనే. దాని తోడ్ కూడా ఈ రెండింటిలోనే, జనం నిలబడే చోటికి రావాలి. సంతలో, బస్టాండులో, రేషన్ షాపు గోడ మీద "ఈ సిక్కా చెల్లుతుంది" అని బొమ్మతో ఒక బోర్డు పెట్టండి. బ్యాంకు కౌంటర్లో సిక్కాల సంచీ చూసి మొహం తిప్పుకోకుండా తీసుకోండి. ఇదేం పెద్ద ఖర్చు కాదు.

2035లో వందేళ్ల జష్న్ వస్తుంది. మళ్లీ ఏదో యాద్‌గార్ వేస్తారు, వెయ్యనివ్వండి. ఆనాటికి పది రూపాయల సిక్కాని దుకాణ్‌దార్ తిప్పి చూడకుండా గల్లాలో వేసుకుంటే, మా బస్తీ వాళ్లకి అదే పెద్ద జష్న్.